మ్యూన్‌స్టర్ సంతలో దొరికే రై రొట్టె: ఏడాదిన్నర తిన్నాక రాస్తున్న రివ్యూ

జర్మనీకి కొత్తగా వచ్చిన తెలుగువాళ్ళు నన్ను మళ్ళీ మళ్ళీ అడిగేది ఒకటే. ఇక్కడి నల్ల రొట్టె నిజంగా అంత మంచిదా, అందులో ఏముంది, షుగర్ ఉన్నవాళ్ళు తినొచ్చా అని. ఫోన్లో ఒక్కొక్కరికీ సగం సగం చెప్పే బదులు ఒకేసారి పూర్తిగా రాద్దామని కూర్చున్నాను. నేను డాక్టర్ని కాదు, డైటీషియన్‌ని కాదు. ఏడాదిన్నరగా వారానికొక రొట్టె కొని తింటున్న మనిషిని, ఏ ప్యాకెట్ చేతికొచ్చినా వెనక్కి తిప్పి చదివే అలవాటున్న మనిషిని, అంతే.

నేను కొనేది మ్యూన్‌స్టర్‌లో డోమ్‌ప్లాట్స్ దగ్గర, అంటే పెద్ద చర్చి ముందున్న మైదానంలో, బుధవారం, శనివారం జరిగే సంతలో. కూరగాయలు, చీజ్, పూల బళ్ళ మధ్యలో రొట్టెల బళ్ళు కూడా ఉంటాయి. నేను వెళ్ళే బండిలో ఒక పెద్దావిడ అమ్ముతారు. రొట్టె పేరు రొగ్గెన్‌ఫోల్‌కోర్న్‌బ్రోట్. పేరు చూసి భయపడక్కర్లేదు, రొగ్గెన్ అంటే రై అనే గోధుమలాంటి చలిదేశపు ధాన్యం, ఫోల్‌కోర్న్ అంటే పొట్టు తీయని పూర్తి గింజ, బ్రోట్ అంటే రొట్టె. ముప్పావు కిలో రొట్టె ఐదు యూరోల చిల్లర అవుతుంది, మా ఇద్దరికీ దాదాపు వారం వస్తుంది. సూపర్‌మార్కెట్‌లో ఇంతకంటే చవకగా దొరుకుతుంది, అవి కూడా బాగానే ఉంటాయి, ఆ సంగతి కిందకొచ్చాక చెప్తాను.

మొదటిసారి కొన్నప్పుడు ఆవిడ రొట్టెని కాగితంలో చుట్టి ఇస్తూ, ఇవాళ కోయకండి, రేపు కోయండి అన్నారు. నేను వినలేదు. ఇంటికి రాగానే కోశాను. కత్తికి లోపలి భాగమంతా జిగురుగా అంటుకుపోయింది, ముక్క సరిగ్గా రాలేదు, తింటే పచ్చిపచ్చిగా అనిపించింది. డబ్బులు దండగ అనుకుని పక్కన పెట్టేశాను. మర్నాడు పొద్దున అదే రొట్టె అదే కత్తితో కోస్తే పల్చగా, నీట్‌గా వచ్చింది. రైలో ఉండే పీచు నీళ్ళని విపరీతంగా పట్టుకుంటుంది, కాల్చిన తర్వాత ఆ తేమ రొట్టె అంతా సర్దుకోవడానికి ఒక రోజు పడుతుంది. గోధుమ బ్రెడ్ ఎంత తాజాగా ఉంటే అంత బాగుంటుంది, ఇది అలా కాదు, రెండో రోజు, మూడో రోజు రుచి పెరుగుతుంది. కాబట్టి మొదటి రోజు తిని దీని మీద ఒక అభిప్రాయానికి రావద్దని నా మనవి.

ఒక ముక్క చేతిలో పట్టుకుని చూస్తే లోపలంతా ముదురు గోధుమరంగు, మట్టిలా తడిగా, బరువుగా ఉంటుంది. పెద్ద పెద్ద గాలి రంధ్రాలు ఉండవు. అక్కడక్కడా సగం విరిగిన గింజలు, నానబెట్టిన పూర్తి గింజలు కనిపిస్తాయి. వాటిని కొరికితే ఉడికించిన జొన్నగింజ పంటికింద నలిగినట్టే ఉంటుంది. వాసన మాత్రం నాకు బాగా తెలిసిన వాసన, రాత్రంతా పులిసిన దోసెల పిండి మూత తీసినప్పటి వాసన. చిన్నప్పుడు మా అమ్మమ్మ కుండలో పెట్టే తరవాణి తాగినవాళ్ళకి ఈ రొట్టె పులుపు అస్సలు కొత్తగా ఉండదు. నాకు ఈ రొట్టె ఇంత త్వరగా అలవాటు కావడానికి అదే కారణం.

ఆ పులుపు రుచి కోసం మాత్రమే పెట్టింది కాదు. రై పిండిలో గ్లూటెన్ (పిండి సాగడానికి కారణమైన ప్రొటీన్) ఉంది కానీ అది గోధుమ పిండిలోలాగా సాగే వల అల్లదు. పైగా పిండిపదార్థాన్ని విడగొట్టే ఎంజైములు ఇందులో చురుగ్గా పనిచేస్తాయి, వాటిని ఆపకపోతే రొట్టె లోపల జిగురు ముద్దలా అయిపోతుంది. పులిసిన పిండిలో ఉండే ఆమ్లం ఆ ఎంజైముల్ని అదుపు చేస్తుంది. అందుకే ఇక్కడివాళ్ళు రైకి సావర్‌టైగ్ అనే పులిసిన పిండిని కలుపుతారు, మనం పాత పిండి కొంచెం ఉంచి కొత్త పిండికి కలిపినట్టే. దీనివల్ల పోషకాలపరంగా కూడా ఒక లాభం ఉంది. గింజ పొట్టులో ఫైటిక్ ఆసిడ్ ఉంటుంది, అది ఇనుము, జింకు, మెగ్నీషియం లాంటి ఖనిజాల్ని పట్టేసుకుని మన ఒంటికి అందనివ్వదు. పులియబెట్టినప్పుడు అది చాలావరకు విడిపోతుంది. అంటే ముడి ధాన్యం తినడమే కాదు, పులియబెట్టి తినడం కూడా ముఖ్యం. ఇడ్లీ, దోసె తినే మనకి ఇది ఎవరూ విడిగా నేర్పక్కర్లేదు.

ఇక అందరూ అడిగే పోషకాల లెక్కలు. 100 గ్రాముల పూర్తి రై గింజల్లో పీచు దాదాపు 15 గ్రాములు, ప్రొటీన్ 10 గ్రాములు, మెగ్నీషియం 110 మిల్లీగ్రాముల చుట్టుపక్కల ఉంటాయి. పాలిష్ పట్టిన బియ్యంలో పీచు మూడు గ్రాములు కూడా ఉండదు. గింజ రొట్టె అయ్యాక నీళ్ళు కలుస్తాయి కాబట్టి పూర్తి గింజ రై రొట్టెలో 100 గ్రాములకి 8 గ్రాముల దాకా పీచు ఉంటుంది, తెల్ల బ్రెడ్‌లో మూడు గ్రాములే. జర్మనీ పోషకాహార సంఘం పెద్దవాళ్ళకి చెప్పే లెక్క రోజుకి కనీసం 30 గ్రాముల పీచు. పొద్దున రెండు ముక్కలు, అంటే సుమారు 100 గ్రాములు తింటే అందులో పావు వంతు పైన టిఫిన్‌తోనే అయిపోయినట్టు. పగలు అన్నం, రాత్రి అన్నం తినే నాలాంటివాళ్ళకి ఇది చిన్న విషయం కాదు.

పీచు ఎంత ఉందన్నది సగమే, అది గింజలో ఎక్కడ ఉంది, ఎలాంటిది అన్నది మిగతా సగం. గోధుమలో పీచు ఎక్కువగా పై పొట్టులో ఉంటుంది, మైదా చేస్తే చాలావరకు పోతుంది. రైలో లోపలి పిండి భాగంలో కూడా పీచు బాగా ఉంటుంది, కాబట్టి కొంచెం జల్లించిన రై పిండిలో కూడా అదే రకం గోధుమ పిండిలో కంటే పీచు ఎక్కువే మిగులుతుంది. అందులో ముఖ్యమైనది అరబినోక్సిలాన్ అనేది, నీళ్ళు తాగి ఉబ్బేది అదే, రొట్టె వారమంతా తడిగా ఉండటానికి కారణం అదే. ఓట్స్‌కి పేరు తెచ్చిన బీటా గ్లూకాన్ అనే పీచు ఇందులోనూ ఉంది కానీ ఓట్స్‌లో ఉన్నంత లేదు, ఆ మాట కూడా చెప్పాలి. ఈ పీచంతా చిన్నపేగులో అరగదు, పెద్దపేగుకి వెళ్ళి అక్కడి బ్యాక్టీరియాకి తిండి అవుతుంది, అవి దాన్ని పులియబెట్టి పేగు గోడకి మేలు చేసే బ్యూటిరేట్ లాంటి ఆమ్లాల్ని తయారుచేస్తాయి. రై పీచు మలవిసర్జన సాఫీగా జరగడానికి తోడ్పడుతుంది అని ప్యాకెట్ మీద రాసుకోవడానికి యూరోపియన్ యూనియన్ అనుమతి కూడా ఇచ్చింది, అక్కడ అలాంటి అనుమతి అంత తేలిగ్గా రాదు. మలబద్ధకంతో బాధపడేవాళ్ళు సిగ్గుపడి ఎవరికీ చెప్పుకోరు, అందుకే ఈ మాట ఇక్కడ సూటిగా రాస్తున్నాను, నా విషయంలో మూడు వారాల్లోనే తేడా తెలిసింది. అయితే నీళ్ళు బాగా తాగాలి, లేకపోతే ఇదే పీచు ఎదురు తిరుగుతుంది.

షుగర్ గురించి. ఫిన్లాండ్‌లో దీని మీద చాలా పరిశోధన జరిగింది. రై రొట్టె వాళ్ళ దేశపు రోజువారీ తిండి, 2017లో స్వాతంత్ర్యానికి వందేళ్ళయిన సందర్భంలో జాతీయ ఆహారం ఏదో ఎన్నుకోమంటే జనం దీన్నే ఎన్నుకున్నారు. అక్కడి పరిశోధకులు గమనించిందేమిటంటే, రై రొట్టె తిన్నాక రక్తంలో గ్లూకోజ్ పెరగడం ఒక్కోసారి గోధుమ బ్రెడ్ తిన్నప్పటిలాగే ఉన్నా, దానికోసం శరీరం విడుదల చేసే ఇన్సులిన్ మాత్రం తక్కువగా ఉంది. రొట్టె గట్టిగా, దట్టంగా ఉండటం వల్ల పొట్టలో నెమ్మదిగా విడిపోవడం ఒక కారణమని చెప్తారు. పూర్తి గింజలతో చేసిన పుంపర్‌నికెల్ అనే నల్ల రై రొట్టె గ్లైసీమిక్ ఇండెక్స్, అంటే తిన్నది రక్తంలో గ్లూకోజ్‌ని ఎంత వేగంగా పెంచుతుందో చెప్పే అంకె, యాభై చుట్టుపక్కల ఉంటుంది, తెల్ల బ్రెడ్‌ది డెబ్భై పైమాటే. ఇవన్నీ మంచి విషయాలే. కానీ ఇది మందు కాదు, పిండిపదార్థం ఉన్న రొట్టే. షుగర్ ఉన్నవాళ్ళు ముక్కలు లెక్కపెట్టుకునే తినాలి, మాత్రలు వేసుకునేవాళ్ళు డాక్టర్‌ని అడిగే తిండి మార్చుకోవాలి.

పోయిన వేసవిలో మా అమ్మ తెనాలి నుంచి వచ్చి మూడు నెలలు ఉంది. అమ్మకి పన్నెండేళ్ళుగా షుగర్. మొదటి రోజు ముక్క చేతిలోకి తీసుకుని, "ఏమిటే ఇది, ఇటుకరాయిలా ఇంత బరువుంది, నా పళ్ళతో అయ్యే పనేనా" అంది. "అమ్మా, పల్చగా కోసి పెనం మీద వేడి చేసిస్తాను, ఒక్కసారి తిని చూడు" అన్నాను. పైన వేరుశెనగ పచ్చడి రాసి, ఉల్లిపాయ చక్రాలు పెట్టి ఇచ్చాను. తిన్నది. వారం గడిచాక తనే అన్నమాట: "ఇడ్లీ తింటే పదకొండింటికల్లా ఆకలేస్తుందే, ఇది తింటే భోజనాల వేళదాకా ఆ ధ్యాసే రావట్లేదు." పొద్దున రై తిన్నవాళ్ళకి మధ్యాహ్నం దాకా ఆకలి తక్కువగా ఉంటుందని స్వీడన్ పరిశోధనల్లో చదివాను కానీ, అమ్మ నోటి నుంచి వచ్చాకే నాకు పూర్తిగా నమ్మకం కుదిరింది. అమ్మ గ్లూకోమీటర్ అంకెలు మాత్రం ఇక్కడ రాయను. ఒక్క మనిషి మూడు నెలల అంకెలు చూసి ఇంకొకరు తిండి మార్చుకోవడం నాకు ఇష్టం లేదు.

అందరికీ పడుతుందా అంటే, పడదు. సీలియాక్ జబ్బు, అంటే గ్లూటెన్ తింటే పేగు దెబ్బతినే జబ్బు ఉన్నవాళ్ళు దీన్ని అస్సలు ముట్టుకోకూడదు. గోధుమ కాదు కదా, గ్లూటెన్ ఉండదు అనుకునేవాళ్ళని చాలామందిని చూశాను, అది తప్పు, ప్రమాదకరమైన తప్పు. ఇంకొకటి, రైలో ఫ్రక్టాన్లు అనే, చిన్నపేగులో అరగని పదార్థాలు ఎక్కువ. ఐబీఎస్ (తరచూ కడుపునొప్పి, విరేచనాలు లేదా మలబద్ధకం వచ్చే పేగు సమస్య) ఉన్నవాళ్ళకి, సున్నితమైన పొట్ట ఉన్నవాళ్ళకి గ్యాస్, ఉబ్బరం వస్తాయి. మా ఆయనకి మొదటి పది రోజులు అదే జరిగింది. ఒక్క ముక్కకి తగ్గించి, మెల్లగా రెండుకి వచ్చాక సర్దుకుంది. ఎక్కువసేపు పులియబెట్టిన రొట్టెలో ఈ ఫ్రక్టాన్లు కొంత తగ్గుతాయి కాబట్టి వాళ్ళు సావర్‌టైగ్ రొట్టెనే ఎంచుకోవాలి. బీపీ ఉన్నవాళ్ళు ఉప్పు సంగతి చూసుకోండి, జర్మన్ రొట్టెల్లో 100 గ్రాములకి ఒక గ్రాము పైనే ఉంటుంది.

ఇప్పుడు అసలు కోపం తెప్పించే విషయం. నేను మోసపోయింది రంగు చూసి. మొదట్లో ఒక దుకాణంలో, పేరు ఇక్కడ అనవసరం, బాగా నల్లగా, పైన గింజలు చల్లి ఉన్న రొట్టె రెండు నెలలపాటు కొన్నాను. చాలా మంచిది తింటున్నానని అనుకున్నాను. ఒకరోజు అక్కడున్న పదార్థాల పట్టిక అడిగి చదివితే మొదట ఉన్నది గోధుమ పిండి, రై మూడో స్థానంలో, ఆ నల్లరంగు బార్లీ మాల్ట్ ఎక్స్‌ట్రాక్ట్‌ది, అంటే మొలకెత్తించిన బార్లీ నుంచి తీసిన పాకంది. పైన చల్లిన గింజలు పొద్దుతిరుగుడువి. దుకాణం వాళ్ళు అబద్ధం చెప్పలేదు, పట్టికలో ఉన్నదే రాశారు, కానీ జబ్బుతో ఉన్న మనిషి ఆ రంగు చూసే కొంటాడు కదా, అదే నా బాధ.

కాబట్టి ఇక్కడ కొనేవాళ్ళు ఈ పేర్లు గుర్తుపెట్టుకోండి. రొగ్గెన్‌బ్రోట్ అని పేరు పెట్టాలంటే ధాన్యంలో కనీసం 90 శాతం రై ఉండాలి. రొగ్గెన్‌మిష్‌బ్రోట్ అంటే సగానికి పైన రై, మిగతాది గోధుమ. ఫోల్‌కోర్న్ అనే మాట ఉంటే కనీసం 90 శాతం పొట్టుతో ఉన్న ధాన్యం. మేర్‌కోర్న్ అంటే చాలా రకాల ధాన్యాలు అని మాత్రమే అర్థం, పొట్టు ఉందని అర్థం కాదు, ఎక్కువమంది పొరపడేది ఇక్కడే. పిండి కొనేవాళ్ళకి ప్యాకెట్ మీద టైప్ 997, టైప్ 1150 అని ఉంటుంది. 100 గ్రాముల పిండిని కాల్చితే మిగిలే ఖనిజాల బూడిద ఎన్ని మిల్లీగ్రాములో ఆ అంకె చెప్తుంది, అంకె పెద్దదయ్యేకొద్దీ పొట్టు ఎక్కువ ఉన్నట్టు. ఫోల్‌కోర్న్ పిండికి అంకె ఉండదు, గింజ మొత్తం అందులోనే ఉంటుంది కాబట్టి.

మ్యూన్‌స్టర్ ఉన్నది వెస్ట్‌ఫాలియాలో, అంటే పుంపర్‌నికెల్ పుట్టిన ప్రాంతం. అదీ రై రొట్టే కానీ పద్ధతి వేరు. రై రవ్వని నానబెట్టి, మూత ఉన్న అచ్చుల్లో తక్కువ వేడి మీద కనీసం 16 గంటలు ఉంచుతారు. ఏ రంగూ కలపకుండానే ఆ సుదీర్ఘమైన వేడికి నల్లగా మారి, తియ్యటి రుచి వస్తుంది. అట్టు అడుగున కొద్దిగా మాడిన బెల్లంలాంటి రుచి అన్నమాట. సూపర్‌మార్కెట్‌లో కోసి ప్యాక్ చేసి దొరుకుతుంది, నెలలపాటు నిలవ ఉంటుంది, ప్రయాణాలకి చాలా బాగుంటుంది. పులుపు నచ్చనివాళ్ళు దీనితో మొదలుపెట్టండి. నా ఓటు మాత్రం సంత రొట్టెకే, ఎందుకంటే పైన గట్టిగా కాలిన ఆ చెక్కు పుంపర్‌నికెల్‌కి ఉండదు.

ఒకసారి సంతలో ఆవిడని రై గింజలు ఎలా ఉంటాయని అడిగితే గుప్పెడు తీసి అరచేతిలో పోశారు. గోధుమ కంటే సన్నగా, పొడుగ్గా, బూడిదరంగులో కొంచెం ఆకుపచ్చ కలిసినట్టు ఉన్నాయి. ఈ పంట చరిత్ర నాకు చాలా నచ్చింది. వరిలో ఊద మొలిచినట్టు, ఇది మొదట గోధుమ, బార్లీ చేలల్లో కలుపుగా వచ్చిన మొక్క. చలి ఎక్కువైన చోట్ల, ఇసుక నేలల్లో గోధుమ చచ్చిపోయినా ఇది బతికింది, చివరికి రైతు దీన్నే పంటగా వేసుకున్నాడు. శరత్కాలంలో విత్తితే మొలకెత్తి మంచు కింద చలికాలం అంతా ఓర్చుకుని, మరుసటి ఏడాది వేసవిలో కోతకొస్తుంది. ఉత్తర యూరప్ పేదజనాన్ని వందల ఏళ్ళు బతికించిన గింజ ఇది. దీనికీ ఒక చీకటి రోజు ఉంది. ఎర్గాట్ అనే బూజు కంకికి పట్టి, ఆ పిండి తిన్నవాళ్ళకి చేతులు కాళ్ళు మంటలెత్తి కుళ్ళిపోయేవి. మన సజ్జచేలలో వచ్చే తేనెబంక తెగులు దాని వరసే. ఇప్పుడు మిల్లుల్లో గింజల్ని శుభ్రం చేసి, హద్దులు పెట్టి పరీక్షిస్తారు, భయం లేదు.

హైదరాబాద్‌లో ఉన్న మా పిన్ని కూతురు ఇది విని, "అక్కా, ఆన్‌లైన్లో రై పిండి కనిపిస్తోంది, కిలో ఇంత ఖరీదు, తెప్పించుకోనా" అని అడిగింది. ముందు ఒక జాగ్రత్త చెప్పాను. మన దగ్గర రై అని వెతికితే రాగి పిండి వస్తుంది, హిందీలో రాఈ అంటే ఆవాలు కాబట్టి ఒక్కోసారి ఆవపిండి కూడా వస్తుంది, ఈ మూడూ వేరు. తర్వాత, వద్దని చెప్పాను. 100 గ్రాముల రాగుల్లో 11 గ్రాములు, జొన్నల్లో 10 గ్రాముల పీచు ఉంది. కాల్షియం అయితే రాగుల్లో 360 మిల్లీగ్రాముల పైన ఉంటుంది, రైలో అందులో పదో వంతుకి అటూ ఇటూగానే ఉంటుంది. రాగిలో, జొన్నలో గ్లూటెన్ అసలే లేదు. మీ వీధి చివర మిల్లులో పట్టించుకునే జొన్నపిండిని వదిలి, సముద్రాలు దాటి ఎప్పుడో వచ్చిన పాత పిండిని నాలుగు రెట్లు పెట్టి కొనడానికి నాకు కారణం కనపడలేదు. రై ఇక్కడి నేలలో పండుతుంది, ఇక్కడ తాజాగా, చవకగా దొరుకుతుంది, నేను ఇక్కడ ఉన్నాను కాబట్టి తింటున్నాను. నిజానికి జర్మనీలో మంచి జొన్నపిండి దొరకడమే నాకు కష్టం.

రై పిండితో రొట్టెలు, పుల్కాలు చేయొచ్చా అని కూడా అడుగుతారు. ఒట్టి రై పిండితో పుల్కా రాదు, సాగదు, చేతికి అంటుకుంటుంది. వేడినీళ్ళతో కలిపి జొన్నరొట్టెలా తట్టాలని చూశాను, జొన్న కంటే ఎక్కువ అంటుకుంది. మూడు వంతుల గోధుమ పిండికి ఒక వంతు రై పిండి కలిపితే పుల్కాలు బాగానే వచ్చాయి, కొంచెం ముదురు రంగు, లేత పులుపు. దోసెల్లో కూడా ఒక గరిటెడు కలుపుతుంటాను.

రొట్టెకి మాత్రం మా ఇంట్లో బాగా కుదిరినవి ఇవి: పెసరపప్పు ముద్దపప్పులా చేసి నెయ్యి వేసి పైన రాయడం, వేరుశెనగ పచ్చడి, గోంగూర పచ్చడి పల్చగా రాసి దాని మీద ఉడికించిన గుడ్డు ముక్కలు. గోంగూర పులుపు, రొట్టె పులుపు రెండూ కొట్లాడుకుంటాయని అనుకున్నాను, గుడ్డు మధ్యలో ఉంటే చక్కగా కలిసిపోయాయి. జామ్ దీనికి సరిపడదు, నాకైతే నచ్చలేదు. ముక్క ఎప్పుడూ అర సెంటీమీటరు మించకుండా కోయండి, మందంగా కోస్తే నమలలేక వదిలేస్తారు. బండి దగ్గరే మెషీన్ మీద కోసి ఇమ్మంటే ఇస్తారు కానీ కోయని రొట్టె ఎక్కువ రోజులు ఉంటుంది. ఫ్రిజ్‌లో పెట్టొద్దు, గట్టిపడిపోతుంది. కోసిన వైపు కిందకి పెట్టి, బట్టలో చుట్టి గట్టు మీద ఉంచితే నాకు ఆరు రోజులు వచ్చింది. ఒక్కరే ఉండేవాళ్ళు సగం రొట్టె అడగండి, కోసి ఇస్తారు. శనివారం పన్నెండు దాటాక వెళ్తే నేను కొనే రొట్టె చాలాసార్లు అయిపోయింది, అందుకని ఇప్పుడు తొమ్మిదింటికల్లా వెళ్ళిపోతున్నాను.